నచ్చింది చూడటానికి సాకు ఎందుకు?

ఏడాది చివర పత్రికలు జాబితాలు వేస్తాయి. ఆ సంవత్సరం వచ్చిన మంచి సినిమాలు పది, మంచి పుస్తకాలు పది అని. హింస గురించీ, కూలి రేట్ల గురించీ, భూమి హక్కు గురించీ రాసుకునే మన పేజీల్లో అలాంటి జాబితాకు చోటెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. నా ఉద్దేశంలో అది మన పేజీల్లో ఉండవలసిన విషయమే. ఎందుకంటే ఒక స్త్రీ తనకు ఫలానాది నచ్చింది అని చెప్పాలంటే ముందు ఆమె దాన్ని చూసి ఉండాలి. చూడాలంటే తీరిక ఉండాలి, చేతిలో సాధనం ఉండాలి, గడప దాటే వీలుండాలి. ఇవి ఎవరికి ఎంత ఉన్నాయన్నది హక్కుల ప్రశ్న. కాబట్టి 2025లో నాకు నచ్చినవేమిటో చెబుతూ, నా చుట్టూ ఉన్న స్త్రీలు వాటిని ఎలా చూశారో, ఎందుకు చూడలేకపోయారో కూడా చెబుతాను.

ఆ ఏడాదిలో ఎక్కువ కాలం నేను బేతంచెర్లలో ఉన్నాను. మా పుట్టిల్లు ఇక్కడే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పటి నుంచి మాది నంద్యాల జిల్లా అయింది గానీ మాటల్లో ఇప్పటికీ కర్నూలు జిల్లానే. ఊరి పేరు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేది బండలు. ఇళ్లలో నేలకు పరిచే నాపరాయిని చుట్టుపక్కల గనుల్లో తీసి, ఇక్కడి ఫ్యాక్టరీల్లో కోసి, పాలిష్ పట్టి, లారీల కెత్తుతారు. మోసేవాళ్లలో, కడిగేవాళ్లలో, పేర్చేవాళ్లలో ఆడవాళ్లున్నారు. వాన పడితే చేలో పని, పడకపోతే బండల పని, అదీ దొరకకపోతే వలస. సమాజశాస్త్ర పరిశోధకురాలిగా ఈ స్త్రీల పనిగంటల గురించి మాట్లాడుతున్నప్పుడు, పని అయిపోయాక ఏం చేస్తారని కూడా అడుగుతూ వచ్చాను. చాలామంది ఆ ప్రశ్నకు నవ్వారు. "పని అయ్యేది యాడుంది మేడం, పొద్దు అయిపోతాది గానీ" అంది ఒకామె.

నా జాబితాలో మొదట వచ్చేది ఒక క్రికెట్ మ్యాచ్. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో జరిగిన మహిళల ప్రపంచ కప్పు ఫైనల్లో మన జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి కప్పు గెలిచింది. వాన వల్ల ఆట రెండు గంటలు ఆలస్యంగా మొదలై దాదాపు అర్ధరాత్రి దాకా సాగింది. ఆ జట్టులో ఎడమచేతి స్పిన్ వేసే శ్రీ చరణి మా పక్క కడప జిల్లా పిల్ల. వీరపునాయునిపల్లె మండలం. వయసు 21. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మొదటి వన్డే ఆడి, నవంబర్ వచ్చేసరికి ప్రపంచ కప్పులో 14 వికెట్లు తీసింది.

క్రికెట్ వస్తున్నప్పుడు మా వీధిలో ఏ ఇంట్లోనైనా రిమోట్ మగవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. ఆ రాత్రి మాత్రం ఆడపిల్లలు ముందు కూర్చున్నారు. "మన సీమ పిల్ల ఆడతాంది, పెట్టండి" అని పక్కింటి వదిన గట్టిగా అనడం విన్నాను. నాకు చాలా సంతోషమనిపించింది. అయితే గమనించాల్సిన విషయం ఒకటుంది. రిమోట్ చేతికి రావడానికి రెండు కారణాలు కావలసి వచ్చాయి. ఒకటి దేశం గెలవబోతోంది. రెండు, ఆడుతున్నది మన పిల్ల. ఈ రెండూ లేని మామూలు రోజున, ఒక ఆడపిల్ల ఆట నచ్చి మహిళల మ్యాచ్ పెట్టమంటే పెడతారా? ఇంకో సంగతి. ఇన్నింగ్స్ మధ్య విరామంలో మగవాళ్లు వీధిలోకి వచ్చి స్కోరు లెక్కలు మాట్లాడుకున్నారు, ఆడవాళ్లు లోపలికి వెళ్లి అన్నాలు వడ్డించారు. పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు ఇస్తామని క్రికెట్ బోర్డు 2022 అక్టోబర్‌లో ప్రకటించింది. మైదానంలో ఆడేవాళ్లకు వచ్చిన ఆ సమానత్వం టీవీ ముందు కూర్చుని చూసేవాళ్ల దాకా రావలసి ఉంది.

ఈ మ్యాచ్ నాకు అంతగా నచ్చడానికి మరో కారణం, తెర మీద సీమ స్త్రీని మేము ఇన్నాళ్లూ చూస్తూ వచ్చిన తీరు. 1999లో 'సమరసింహారెడ్డి' ఘన విజయం సాధించాక ఫ్యాక్షన్ సినిమాలు వరుస కట్టాయి. 2002లో 'ఆది', 'ఇంద్ర', 2003లో 'ఒక్కడు'. వాటిలో సీమ స్త్రీకి మిగిలినవి మూడు పనులు. శవం మీద పడి ఏడ్చే తల్లి, బొట్టు పెట్టి పగకు పంపే భార్య, ఎవరో వచ్చి కాపాడవలసిన పిల్ల. 2018 నాటి 'అరవింద సమేత వీర రాఘవ' పగ ఆగాలనే మాటను ఆడవాళ్ల చేత అనిపించింది, అది కొంత మేలు. కానీ కరువులో కుటుంబాన్ని నెట్టుకొచ్చే స్త్రీ, బండల ఫ్యాక్టరీలో పనిచేసే స్త్రీ, సైకిల్ మీద బడికి పోయే పిల్ల ఆ సినిమాల్లో ఎక్కడున్నారు? పాతికేళ్ల పాటు కత్తులూ సుమోలూ చూపించిన తెర మీద ఒక సీమ పిల్ల బంతి పట్టుకుని నిలబడటం మా ఊరి ఆడపిల్లలు చూశారు. దీని ప్రభావం ఎంతన్నది ఇప్పుడే చెప్పలేం గానీ, చిన్న విషయమని మాత్రం అనుకోను.

రెండోది 'శుభం' సినిమా. 2025 మే 9న వచ్చింది. నటి సమంత నిర్మించారు, ప్రవీణ్ కాండ్రేగుల దర్శకత్వం వహించారు. కథ 2000ల తొలినాళ్ల భీమిలిలో జరుగుతుంది. రాత్రి సీరియల్ వేళ కాగానే ఊళ్లో భార్యలకు దయ్యం పట్టినట్టవుతుంది. అడ్డు చెబితే మొగుళ్లకు ప్రమాదం. హాయిగా నవ్వించిన సినిమా ఇది. నవ్విస్తూనే ఒక మంచి ప్రశ్న వేసింది. సీరియల్ చూసే ఆడదాన్ని చూసి ఇంటి మగవాడికి అంత భయం, అంత విసుగు దేనికి? ఆ అరగంట ఆమె అతనికి అందుబాటులో ఉండదు. పిలిస్తే పలకదు. అతని భయమంతా అదే. మిగిలిన ఇరవై మూడున్నర గంటలూ అందరికీ పలికే మనిషి అరగంట పలకకపోతే దానికి దయ్యం అనే పేరు తప్ప మరో పేరు ఎవరికీ తోచలేదన్నమాట!

సీరియళ్ల మీద మన విమర్శలు మనకు తెలుసు. ఆడవాళ్లకు ఆడవాళ్లనే శత్రువులుగా చూపిస్తాయి, త్యాగాన్ని పూజిస్తాయి, మూస పాత్రలను సాగదీస్తాయి. ఆ విమర్శల్లో నిజముంది. కానీ 2017 నుంచి 2023 జనవరి దాకా నడిచిన 'కార్తీక దీపం' వేళకు మా వీధి ఎలా ఉండేదో నాకు తెలుసు. నల్లగా ఉందని చిన్నచూపు చూడబడిన ఒక ఆడది, మొగుడు అనుమానించి దూరం చేసినా వంట చేసి బతికిన ఆడది అందులో నాయిక. ఆ 'వంటలక్క' గురించి మాట్లాడుతూ మా ఊరి ఆడవాళ్లు తమ రంగు గురించి, తమ మొగుళ్ల అనుమానాల గురించి మాట్లాడుకున్నారు. కథను తీసినవాళ్ల ఉద్దేశం ఏదైనా, చూసినవాళ్లు తమకు కావలసింది అందులోంచి తీసుకున్నారు. సీరియల్ చూసే స్త్రీని అజ్ఞాని కింద జమకట్టే అలవాటు మన సభల్లోనూ ఉంది. ఆ అలవాటుకూ, 'శుభం'లోని మొగుళ్ల విసుగుకూ పెద్ద తేడా నాకు కనిపించదు.

పైగా వాళ్లు సీరియల్‌ను నిజంగా చూస్తున్నారా? "సూసేది యాడమ్మా, ఇంటాం. తిరగమోత పెట్టుకుంటా ఇంటాం" అంది బండల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె. మా ఊళ్లో చాలా ఇళ్లలో టీవీ ముందు గదిలో ఉంటుంది, పొయ్యి వెనక గదిలో. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా సీరియళ్లు వచ్చే వేళే వంట వేళ కూడా. ఆమె చెవి ముందు గదిలో, చెయ్యి పొయ్యి దగ్గర. సంగీతం హోరెత్తినప్పుడు మాత్రం గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఒక్క నిమిషం నిలబడి చూస్తుంది. కూర్చుని చూసే భాగ్యం ముసలాళ్లకు, పిల్లలకు, మగవాళ్లకు.

ఇక్కడ కొన్ని అంకెలు చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్లు దాటినవాళ్లలో ఇంటిపని చేసే స్త్రీలు కూలి లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే పురుషులు 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. అంటే అయిదేళ్లలో ఇద్దరికీ కొంచెం తగ్గింది గానీ ఇద్దరి మధ్య దూరం తగ్గలేదు. అదే 2024 సర్వేలో వినోదం, విశ్రాంతి, ప్రసార మాధ్యమాలు, ఆటల కింద పురుషులకు 177 నిమిషాలు, స్త్రీలకు 164 నిమిషాలు అని తేలింది. తేడా 13 నిమిషాలే కదా, వినోదంలో ఆడవాళ్లు వెనకబడలేదు కదా అని ఎవరైనా అనవచ్చు. కానీ ఆ 164 నిమిషాలు ఎలాంటివో అంకె చెప్పదు. మగవాడు బండల లోడు ఎత్తి వచ్చి, స్నానం చేసి, మంచం మీద వాలి చూసే గంట ఒకటి. పప్పు ఉడికే లోపు, బిడ్డ లేచే లోపు, అత్త పిలిచే లోపు ముక్కలు ముక్కలుగా దొరికే గంట మరొకటి. లెక్కలో రెండూ ఒక గంటే. అనుభవంలో మొదటిది విశ్రాంతి, రెండోది పనికీ పనికీ మధ్య ఊపిరి తీసుకోవడం.

సాధనం సంగతీ అంతే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 21 శాతం అని చెప్పింది. పురుషుల్లో దాదాపు 49 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి నిజమే. మా ఊళ్లోనూ ఇంటికొక పెద్ద ఫోన్ ఉంది. కానీ అది పగలంతా ఇంటాయన జేబులో ఉంటుంది, సాయంత్రం కొడుకు చేతికి వస్తుంది, ఆమె చేతికి వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. వచ్చినా అందులో ఆమె ఏం చూసిందో తర్వాత చూసేవాళ్లకు తెలిసిపోతుంది. ఏం చూశావు, ఎవరితో మాట్లాడావు అని పెళ్లికాని ఆడపిల్లలకు రోజూ పరీక్షే. ఇంట్లో అందరిదీ అయిన ఫోన్లో ఆడపిల్లకు తనదైన ఇష్టం ఎలా ఏర్పడుతుంది?

ఈ ప్రశ్న నా జాబితాలో మూడోదానికి తీసుకువెళుతుంది. రాహుల్ రవీంద్రన్ దర్శకత్వంలో 2025 నవంబర్ 7న వచ్చిన 'ది గర్ల్‌ఫ్రెండ్'. సాహిత్యంలో ఎం.ఏ. చదవడానికి వచ్చిన భూమ అనే అమ్మాయి, ప్రేమ పేరుతో తనను గుప్పిట్లో పెట్టుకున్న విక్రమ్ నుంచి బయటపడటం కథ. చెయ్యెత్తి కొట్టక ముందే మొదలయ్యే హింసను తెలుగు సినిమా ఇంత ఓపికగా చూపించడం అరుదు. ఎక్కడికి వెళ్లాలి, ఎవరితో మాట్లాడాలి, ఏం వేసుకోవాలి అనేవన్నీ ప్రేమగానే మొదలవుతాయి. విక్రమ్ తల్లిగా రోహిణి వేసిన పాత్ర నన్ను చాలా రోజులు వదల్లేదు. ఏళ్ల తరబడి అణిగి మాటే మరచిపోయిన ఆ స్త్రీలో భూమ తన రేపటిని చూసుకుంటుంది. సలహా కేంద్రాల్లో పనిచేసే మిత్రులు కాలేజీ పిల్లలతో మాట్లాడేటప్పుడు ఈ సినిమాను వాడుకోవచ్చు. మా వీధిలో డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు దీన్ని ఫోన్లో ముక్కలు ముక్కలుగా, శబ్దం తగ్గించి చూశారు. ఎవరైనా వస్తే పాఠం వింటున్నామని చెప్పారట. ప్రేమ పేరిట జరిగే కాపలా గురించిన సినిమాను కాపలా కింద చూడవలసి వచ్చింది!

హాలుకు వెళ్లి చూడవచ్చు కదా అంటే, హాలు ఎవరిది? మొదటి రోజుల్లో హాళ్లు అభిమానుల చేతుల్లో ఉంటాయి. ఈలలు, తోపులాట, ఆడవాళ్ల మీద చేతులు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్‌లోని సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్‌కు కుటుంబంతో వెళ్లిన ఒక తల్లి తొక్కిసలాటలో చనిపోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. తర్వాత జరిగిన చర్చంతా హీరో చుట్టూ, అరెస్టు చుట్టూ, టికెట్ రేట్ల చుట్టూ తిరిగింది. పిల్లలతో సరదాగా సినిమాకు వెళ్లిన ఒక స్త్రీకి క్షేమంగా ఇంటికి తిరిగి వచ్చే హక్కు ఉందన్న మాట ఆ గొడవలో వినిపించనే లేదు. పనిచేసే చోట భద్రత అని మనం చాలాకాలంగా అడుగుతున్నాం. వినోదం దొరికే చోట భద్రత కూడా అడగాలి. హాలులో దారులు, మరుగుదొడ్లు, వెలుతురు, ఆటకు ఎంతమందిని లోపలికి పంపుతున్నారనే లెక్క, ఇవన్నీ స్త్రీల సమస్యలే.

'కోర్ట్' గురించి ఒక మాట. 2025 మార్చి 14న వచ్చిన ఈ సినిమా 2012 నాటి పోక్సో చట్టాన్ని, ఇష్టపడిన ఇద్దరు పిల్లల్ని విడదీయడానికి ఇంటి పెద్ద ఎలా వాడుకోగలడో చూపించింది. పరువు పేరుతో జరిగేది మనకు తెలిసిందే కాబట్టి కథ నమ్మదగినదే. నాకు నచ్చింది కూడా. కానీ కేసంతా ఏ అమ్మాయి పేరు మీద నడిచిందో ఆ అమ్మాయి గొంతు అబ్బాయి కష్టంతో పోలిస్తే ఎంత వినిపించింది? చట్టం దుర్వినియోగం గురించి గట్టిగా మాట్లాడే సినిమాలు వస్తున్నాయి. ఆ చట్టం కింద న్యాయం కోసం ఏళ్లు ఎదురుచూసే పిల్లల కథలు కూడా అంతే గట్టిగా రావాలని కోరుకుంటాను.

పుస్తకాల్లో నాకు ఆ ఏడాది ఇష్టమైనది కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథల సంపుటి 'హార్ట్ ల్యాంప్'. దీపా భాస్తి ఇంగ్లీషులోకి అనువదించిన ఈ పుస్తకానికి 2025 మే 20న అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. ఒక కథల సంపుటికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. దక్షిణ కర్ణాటక ముస్లిం స్త్రీల జీవితాల మీద 1990 నుంచి 2023 దాకా రాసిన 12 కథలివి. ఆమె న్యాయవాది, ఉద్యమకారిణి. మసీదులో ప్రవేశించే హక్కు స్త్రీలకు ఉండాలని మాట్లాడినందుకు 2000లో ఫత్వా ఎదుర్కొన్న మనిషి. ఈ కథల్లో తలాక్, వరస కాన్పులు, అత్తిళ్లు, మతపెద్దలు ఉన్నారు. కానీ వాటన్నిటి మధ్య ఎకసెక్కం ఉంది, వంటింటి ముచ్చట్లున్నాయి, పిల్లల అల్లరి ఉంది. ముస్లింలు, దూదేకులవాళ్లు గణనీయంగా ఉన్న మా ప్రాంతంలో ఈ జీవితాలు గోడకు అవతలివే. వీటిలో రెండు కథలు మా ఇంట్లో నలుగురైదుగురు ఆడవాళ్లకు తెలుగులో చెప్పాను. చదవడం రాని ఒక దూదేకుల అవ్వ అంతా విని, "ఈయమ్మ మా ఇంటికి ఎప్పుడొచ్చింది?" అంది. ఒక పుస్తకానికి ఇంతకంటే మంచి సమీక్ష నేను చదవలేదు.

ఆఖరుది ఏ జాబితాలోనూ కనిపించనిది. కోలాటం. ఇప్పుడు సీమ ఊళ్లలో నడివయసు ఆడవాళ్లు జట్లుగా కోలాటం నేర్చుకుంటున్నారు. ఒకే రంగు చీరలు కొనుక్కుని, గుడి ముందు ఆడుతున్నారు, తిరునాళ్లకు వెళుతున్నారు, తిరుమల దాకా వెళ్లి ఆడి వస్తున్నారు. మద్దిలేటి స్వామి దగ్గరికి బయలుదేరిన ఒక జట్టును చూస్తే నాకు అర్థమైంది, వాళ్ల ముఖాల్లో భక్తి ఎంత ఉందో సరదా అంతకు రెట్టింపు ఉందని. అడుగు తప్పితే నవ్వుకోవడం, ఒకరి చేతిలో ఒకరు కోల వెయ్యడం, రాత్రి బస్సులో కబుర్లు. పెళ్లయ్యాక పాతికేళ్లకు మొదటిసారి ఒళ్లు స్వేచ్ఛగా కదిలించిన వాళ్లున్నారు అందులో. ఇంట్లో ఎలా ఒప్పుకున్నారని అడిగితే "దేవుని పని కదా, కాదంటారా?" అన్నారు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిపి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. స్త్రీకి వినోదం దొరుకుతున్న ప్రతిచోటా దానికి ఒక సాకు ఉంది. క్రికెట్ చూడటానికి దేశం సాకు. సీరియల్‌కు వంట సాకు. సినిమాకు పాఠం సాకు. కోలాటానికి దేవుడు సాకు. మా సంఘాల సమావేశాలు కూడా చాలామందికి అలాంటి సాకే, పొదుపు పేరు చెప్పి రెండు గంటలు నవ్వుకోవడానికి వస్తారు. మగవాడు టీ అంగడి దగ్గర కూర్చుంటే ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు. ఆడది ఊరికే కూర్చుంటే అడుగుతారు. పితృస్వామ్యం స్త్రీ శ్రమను మాత్రమే తీసుకోదు, ఆమె ఖాళీ సమయానికి కూడా సంజాయిషీ అడుగుతుంది.

ఈ సంజాయిషీ ఇల్లు దాటి బజారులోనూ వినిపిస్తోంది. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 'స్త్రీ శక్తి' పేరుతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో 2023 డిసెంబర్‌లో మొదలైంది. మూడుచోట్లా వినిపించిన వెక్కిరింత ఒకటే, "పనీ పాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు" అని. మనవాళ్లు దానికి జవాబుగా, లేదు, ఆసుపత్రులకు వెళుతున్నారు, కూలికి వెళుతున్నారు, కాలేజీకి వెళుతున్నారు అని చెప్పారు. అది నిజమే. కానీ ఆ జవాబుతో ఆగితే వెక్కిరించేవాడి తర్కాన్ని మనం ఒప్పుకున్నట్టే. ఊరికే తిరిగితే తప్పేమిటి? డోన్‌లో ఉన్న చెల్లెల్ని చూడటానికి, నంద్యాలలో సినిమా చూడటానికి, కర్నూలులో కొండారెడ్డి బురుజు కింద కూర్చుని పల్లీలు తినడానికి ఒక స్త్రీ బస్సెక్కితే అది దుబారా ఎలా అవుతుంది?

ఇది నా సొంత కోరిక మాత్రమే కాదు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను హక్కులుగా గుర్తించింది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షను తొలగించేందుకు 1979లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ఒప్పందంలోని 13వ అధికరణం వినోదంలో, ఆటల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే సమాన హక్కు గురించి చెబుతుంది. మన దేశం 1993లో ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. ఆ పత్రం మన శిక్షణా శిబిరాల్లో ఎన్నోసార్లు చేతులు మారింది. హింస, వేతనం, ఆస్తి గురించిన పేజీలు నలిగిపోయాయి. 13వ అధికరణం ఉన్న పేజీ ఇంకా కొత్తగానే ఉంది.

ఆకలి తీరని చోట వినోదం విలాసం కాదా అని ఒక వాదన ఉంది. నేను దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. కానీ మన చరిత్రే దానికి జవాబు చెబుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కేంద్రాల్లో రాత్రిపూట కలిసి చదువుకున్న 'సీతమ్మ కథ' అనే పాఠం దూబగుంట ఆడవాళ్లను కదిలించింది. సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారాను నిషేధించక తప్పలేదు. పగలంతా కూలి చేసిన స్త్రీలు రాత్రి ఒకచోట కూర్చుని ఒక కథ విన్నారు, తమ కథగా మాట్లాడుకున్నారు. ఆ కూర్చునే వేళ లేకపోతే ఆ ఉద్యమం అలా పుట్టేది కాదు. అలాగే జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో 2008 నుంచి దళిత స్త్రీలు 'సంఘం రేడియో' నడిపారు. తమ పంటల గురించి, తమ పాటలతో, తమ యాసలో. వినేవాళ్లుగానే కాదు, వినిపించేవాళ్లుగా కూడా పేద స్త్రీలు ఉండగలరని ఆ రేడియో చూపింది. తీరిక తిండి తర్వాత వచ్చే విషయమని వాళ్లు అనుకోలేదు.

అందుకే కొన్ని సూచనలు. మన సంస్థలు చేసే ఇంటింటి సర్వేల్లో మూడు ప్రశ్నలు చేర్చుకుందాం: గత నెలలో మీకు ఇష్టమైనది ఏదైనా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూశారా, విన్నారా, చదివారా? ఏది చూడాలో ఎవరు నిర్ణయించారు? దాని కోసం ఏం సాకు చెప్పారు? రెండోది, సంఘం సమావేశాల్లో నెలకొకసారి అప్పులూ వాయిదాల మాట లేకుండా ఒక సినిమానో, ఒక కథనో కలిసి చూసి, చదివి మాట్లాడుకుందాం. తర్వాత తీర్మానం చేయవలసిన పని లేదు. మూడోది, మండల కేంద్రాల్లోని గ్రంథాలయాల్లో స్త్రీలకు వీలైన వేళలు, హాళ్లలో భద్రత, ఆడపిల్లలకు ఆడుకునే స్థలం, వీటిని కూలి రేట్ల పక్కనే మన వినతిపత్రాల్లో రాద్దాం. అన్నిటికంటే కష్టమైనది నాలుగోది, రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా పొయ్యి దగ్గర ఎవరుండాలన్న చర్చ. అది ప్రభుత్వానికి ఇచ్చే వినతిపత్రంతో తేలేది కాదు. మన మన ఇళ్లలో తేలాలి, కార్యకర్తల ఇళ్లతో సహా.

నా 2025 జాబితా ఇది. ఒక మ్యాచ్, మూడు సినిమాలు, ఒక పుస్తకం, ఒక కోలాటం. దీనితో మీరు ఒప్పుకోనవసరం లేదు. 'కోర్ట్' మీద నాతో తగాదా పడేవాళ్లు ఉంటారు, సీరియళ్ల మీద ఇంకా ఎక్కువమంది ఉంటారు. పడండి. వచ్చే సంచికకు మీ జాబితాలు పంపండి, మీ ఊరి స్త్రీలను అడిగి వాళ్లవి కూడా రాయించండి. ఏడాది మొత్తంలో ఒక్కటీ చూడలేకపోయినవాళ్లు ఉంటే, ఎందుకు చూడలేకపోయారో రాయించండి. ముందు అచ్చు వేయవలసింది ఆ జాబితానే.